ఎత్తుకోవడం తగ్గిస్తేనే జిమ్మీ మాట వింటాడు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా బాబు పట్టుబట్టడంతో పోయిన నెల ఒక పామరేనియన్ పిల్లని తెచ్చుకున్నాం. జిమ్మీ అని పేరు పెట్టాం. ఇప్పుడు మూడున్నర నెలలు. చూడ్డానికి ముద్దుగా ఉంటాడు కానీ ఒక్క మాట వినడు. చేతిలో బిస్కెట్ ఉంటే కూర్చుంటాడు, లేకపోతే మొహం కూడా చూడడు. రమ్మంటే దివాన్ కిందకి దూరిపోతాడు. మా అత్తయ్యగారు నడుస్తుంటే చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగుతాడు, చేతులు కొరుకుతాడు. మావారేమో పేపరు చుట్టి ఒకటి వేస్తే దారికొస్తాడంటారు. అత్తయ్యగారు 'చిన్న ప్రాణి, దానికేం తెలుసు, వదిలెయ్యండి' అంటారు. ఈ చిన్న జాతులకి ట్రైనింగ్ ఎక్కదని పక్కింటివాళ్లు చెబుతున్నారు. ట్రైనర్‌ని పెట్టమంటారా? తెలుగులో నేర్పాలా, ఇంగ్లిష్‌లోనా? ఇప్పటికే ఆలస్యమైపోయిందా?

సమాధానం: అమ్మా, ఆలస్యమేమీ కాలేదు. మూడున్నర నెలలంటే నేర్పడానికి చక్కటి వయసు. 8 వారాల పిల్లలు కూడా కూర్చోవడం ఇట్టే నేర్చేసుకుంటాయి. పక్కింటివాళ్ల మాట పట్టించుకోకండి. పామరేనియన్ల తాతముత్తాతలు మంచు దేశాల్లో బళ్లు లాగిన, మందలు కాసిన స్పిట్జ్ అనే రకం కుక్కలు. సైజు మనుషులు తగ్గించారు గానీ తెలివి ఎక్కడికీ పోలేదు. (అన్నట్టు, మన దగ్గర పామరేనియన్ అని అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. పెద్దయ్యాక జిమ్మీ 3 కిలోల దగ్గర ఆగకుండా 6, 7 కిలోలకి వెళ్తే కంగారు పడకండి. నేర్పే పద్ధతి రెండింటికీ ఒకటే.)

మరి చిన్న కుక్కలు మాట వినవన్న పేరు ఎందుకొచ్చింది? వాటిని ఎత్తుకోవడం మనకి తేలిక కాబట్టి. లాబ్రడార్ పిల్ల సోఫా ఎక్కితే 'దిగు' అనే మాట నేర్పక తప్పదు. ఎనిమిది నెలలు వచ్చాక దాన్ని ఎత్తి కింద పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పామరేనియన్ అయితే ఒక్క చేత్తో తీసి పక్కన పెట్టేస్తాం. రమ్మంటే రాకపోతే మనమే వెళ్లి చంకనేసుకుంటాం. గేటు దాటితే పరిగెత్తి పట్టుకొచ్చేస్తాం. మాటతో అవసరమే పడదు, అందుకని ఎవరూ నేర్పరు.

ఇక జిమ్మీకి ఇదంతా ఎలా కనిపిస్తోందో చూడండి. ఎవరో 'జిమ్మీ రా' అంటారు. ఆ వెంటనే పైనుంచి రెండు చేతులు దిగుతాయి, కాళ్ల కింద నేల మాయమవుతుంది. ఆ తర్వాత స్నానమో, కంటి పుసులు తుడవడమో, బోనులో పెట్టడమో. ఇది రోజుకి ఎన్నిసార్లు జరుగుతోందో మీరే లెక్కేసుకోండి. మీ ఇంట్లో ఆ చేతులు అందని చోటు దివాన్ కింద ఒక్కటే. కాబట్టి జిమ్మీ మాట వినట్లేదనుకోవద్దు. 'రా' అంటే పట్టుకోబోతున్నారని బాగా నేర్చుకున్నాడు. అది చెరిపి కొత్తది నేర్పాలి, అంతే.

అందుకే మొదటి వారం మీరు చెయ్యాల్సింది జిమ్మీకి నేర్పడం కాదు, ఇంట్లో అందరూ ఎత్తుకోవడం తగ్గించడం. అవసరమై ఎత్తాల్సి వస్తే ముందు పక్కనే కూర్చోండి, రెండు చేతులతో డొక్కలు తాకి 'పైకి' అని ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎత్తండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిర్రల కింద. ముందు కాళ్లు పట్టుకుని పైకి లాగడం మీ బాబుకి అలవాటై ఉంటే ఇవాళే మాన్పించండి. ముద్దు చెయ్యాలనిపిస్తే వాడు నేల మీద కూర్చోవాలి, జిమ్మీయే ఒళ్లోకి రావాలి. నాలుగు రోజులు ఇలా చేస్తే 'పైకి' అన్న మాట వినగానే జిమ్మీ ఒళ్లు బిగపట్టుకోకుండా నిలబడతాడు. పశువుల డాక్టరు బల్ల మీద కూడా ఈ మాట పనికొస్తుంది.

ఇప్పుడు నేర్పే సంగతి. రోజూ అరగంట కూర్చోబెట్టి పాఠం చెప్పక్కర్లేదు. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేంత సేపు చాలు, అలా రోజుకి నాలుగైదుసార్లు. అంతకు మించితే ఈ వయసు పిల్లకి బుర్ర పనిచెయ్యదు, కాళ్లు గోక్కుంటూ, ఆవులిస్తూ దిక్కులు చూస్తుంది. ఆవులింత వచ్చిందంటే ఆపెయ్యండి.

బిస్కెట్లు మానెయ్యండి. గ్లూకోజ్ బిస్కెట్‌లో ఉండేది పంచదారా మైదానే, రెండు తిన్నాక జిమ్మీ అన్నం ముట్టడు. ఉప్పు, పసుపు, కారం ఏదీ లేకుండా ఉడకబెట్టిన చికెన్‌ని శనగబద్దంత ముక్కలుగా తుంచి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మాంసం వండని ఇల్లయితే క్యారెట్ ముక్కలో, జిమ్మీ రోజూ తినే ప్యాకెట్ డాగ్ ఫుడ్ గింజల్లోంచే ఒక గుప్పెడో పక్కకి తీసి పెట్టండి. రోజు మొత్తం తిండిలో ఈ ముక్కలు పదో వంతు దాటకూడదు. పామరేనియన్‌కి చిన్న పొట్ట, ఊరికే బరువెక్కుతుంది. అలాగని ఆకలితో ఉంటే బాగా నేర్చుకుంటాడని తిండి ఆపకండి. ఇంత చిన్న పిల్లలకి ఎక్కువసేపు పొట్ట ఖాళీగా ఉంటే ఒంట్లో చక్కెర పడిపోయి తూలిపోతాయి, ప్రాణం మీదకి కూడా వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషమే. పాయసంలోంచి కిస్‌మిస్ తీసి పెట్టడం లాంటి గారాలు వద్దని అత్తగారికి చెప్పండి.

కూర్చోవడం దగ్గర మొదలుపెడదాం. జిమ్మీకి సగం వచ్చు, మిగతా సగం సరిచెయ్యాలి.

ముందు నేల చూసుకోండి. హాల్లో నున్నటి టైల్స్, గ్రానైట్ ఉంటే వాటి మీద నేర్పకండి. గోనెపట్టా గానీ, గుమ్మం ముందు వేసే కొబ్బరిపీచు పట్టా గానీ పరవండి. నున్నటి నేల మీద కూర్చోబోతే వెనక కాళ్లు రెండూ చెరో పక్కకి జారిపోతాయి. అలా రెండుసార్లు జారాక ఆ పిల్ల ఇక కూర్చోవడమే మానేస్తుంది, మనమేమో మొండిఘటం అంటాం. పాదాల అడుగున మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగినా ఇదే తంతు, వాటిని కత్తిరించాలి.

మీరు నిలబడి మీదకి వంగకండి. కింద కూర్చోండి, మోకాళ్ల నొప్పులుంటే పీట వేసుకోండి. చికెన్ ముక్కని బొటనవేలికీ రెండు వేళ్లకీ మధ్య పట్టుకుని, అరచెయ్యి పైకి తిప్పి, ముక్కుకి దాదాపు ఆనించి పెట్టండి. వాసన పట్టాక చేతిని మెల్లగా నుదుటి మీదుగా చెవుల మధ్యకి జరపండి. ముక్క కోసం తల పైకి లేస్తుంది, తల లేచేసరికి నడుము దానంతటదే దిగుతుంది. చెయ్యి నాలుగు వేళ్లు ఎక్కువ లేచిందా, పామరేనియన్ వెనక కాళ్ల మీద నిలబడి గెంతుతుంది. గెంతితే తిట్టొద్దు, చెయ్యి దించి మళ్లీ మొదలుపెట్టండి. పిర్ర నేలకి తగిలిన ఆ క్షణంలోనే 'గుడ్' అని ముక్క నోట్లో పెట్టెయ్యాలి. కూర్చుని, లేచి, మీ మీదకి వస్తుంటే అప్పుడు పెట్టారనుకోండి, దేనికి పెట్టారని అనుకుంటాడు? లేచినందుకు. నడుము మీద చెయ్యి వేసి నొక్కి కూర్చోబెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. చిన్న జాతుల మోకాళ్లు సున్నితం.

ముక్క కనిపిస్తేనే కూర్చుంటాడన్నారు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అయిదారుసార్లు ముక్కతో కూర్చోబెట్టాక ఖాళీ చేత్తో అదే కదలిక చెయ్యండి. కూర్చోగానే 'గుడ్' అని, వెనకాల దాచిన డబ్బాలోంచి రెండో చేత్తో తీసి ఇవ్వండి. చేతిలో ఏమీ లేకపోయినా కూర్చుంటే ఎక్కణ్ణుంచో వస్తుందని రెండు రోజుల్లో పసిగడతాడు. మాట చెప్పడం మొదలుపెట్టేది అప్పుడు. ముందు మాట, అర క్షణం ఆగి చేతి సైగ. కుక్కలు మాట కన్నా చేతి సైగని తొందరగా పట్టుకుంటాయి. మాటా చెయ్యీ ఒకేసారి కలిపేస్తే మాట వాటి చెవికెక్కదు. బాగా వచ్చాక ప్రతిసారీ ముక్క ఇవ్వక్కర్లేదు. ఒకసారి ముక్క, ఒకసారి గొంతు కింద నిమరడం, ఒకసారి బంతి. ఏది వస్తుందో తెలియని ఆటే వాటికి ఎక్కువ ఇష్టం.

తెలుగా ఇంగ్లిషా అన్నది జిమ్మీకి పట్టదు. ఇంట్లో నలుగురూ ఒకే మాట అనడమే ముఖ్యం. మీరు 'సిట్', మీవారు 'సిట్ డౌన్', అత్తగారు 'కూర్చోరా నాయనా', బాబు 'కూర్చో కూర్చో కూర్చో' అంటుంటే అవి నాలుగు వేర్వేరు శబ్దాలు. నా సలహా అడిగితే, అత్తగారికి నోరు తిరిగే మాటలే పెట్టండి. ఇంట్లో పగలంతా జిమ్మీతో ఉండేది ఆవిడే, ఆవిడ మార్చుకోలేని మాట పెట్టి లాభం లేదు. కూర్చోవడం, రావడం, వదలడం, పడుకోవడం, ఆగడం, ఈ అయిదింటికీ పెట్టుకున్న మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఒక్కసారే అనండి. పది సార్లు అంటే పదోదానికే కదలాలని నేర్చుకుంటాడు.

ఇక 'రా'. అన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే, మీ ఇంట్లో పాడైపోయినదీ ఇదే. పాడైన మాటని బాగుచెయ్యడం కన్నా కొత్త మాట పెట్టుకోవడం సులువు. 'దా' అనండి, 'కమ్' అనండి, ఏదైనా సరే, ఇన్నాళ్లూ వాడనిది. దీనికో ఆట ఉంది. హాల్లో ఒక చివర మీరు, ఇంకో చివర మీ బాబు నేల మీద కూర్చోండి. చెరో పది ముక్కలు. బాబు ఉత్సాహంగా ఒక్కసారి పిలుస్తాడు. జిమ్మీ వచ్చాక ముక్క పెట్టి, మెడ పట్టీని మెల్లగా వేలితో తాకి, ఇంకో ముక్క పెట్టి వదిలేస్తాడు. ఇప్పుడు మీరు పిలుస్తారు. ఆ తాకడం మర్చిపోకండి. చాలా కుక్కలు దగ్గర దాకా వచ్చి, చెయ్యి చాపగానే తప్పించుకుంటాయి. పట్టీ తాకితే ఇంకో ముక్క వస్తుందని తెలిస్తే ఆ జబ్బు రాదు. హాల్లో వచ్చాక ఒకరు హాల్లో, ఒకరు వంటింట్లో. తర్వాత తలుపు చాటున దాక్కుని. మేడ మీదకి తీసుకెళ్లొచ్చు గానీ, మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో వద్దు. గుంటూరులో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలా! ఆ ఘాటుకి కళ్లూ ముక్కూ మండితే ఆ చోటంటేనే భయపడతాడు.

ఒక నియమం కచ్చితంగా పాటించండి. స్నానానికి, మందుకి, గోళ్లు కత్తిరించడానికి, బోనులో పెట్టడానికి ఈ మాటతో పిలవకూడదు. అప్పుడు మీరే దగ్గరికెళ్లి, కూర్చుని, 'పైకి' చెప్పి ఎత్తుకోండి. పిలిస్తే ఆలస్యంగా వచ్చినా తిట్టొద్దు. వచ్చినవాణ్ణి తిడితే తిట్టు పడేది రావడానికే. దివాన్ కింద దూరితే చీపురు పెట్టి తోసి బయటికి తియ్యకండి. కొంచెం దూరంగా కూర్చుని కవరు గలగలలాడించండి, లేదా మీ పాటికి మీరు ఇంకో గదిలోకి వెళ్లిపోండి. మనం వెంటపడితే పరిగెడతారు, మనం పరిగెడితే వెంటపడతారు.

'వదులు' అనే మాట మన వీధులకి తప్పనిసరి. ఆదివారం మధ్యాహ్నం దాటాక బ్రాడీపేట ఏ లైనులోకి వెళ్లినా చెత్తకుండీ చుట్టూ బిర్యానీ ఎముకలే. ఉడికిన కోడి ఎముక చీలితే సూదిలా తయారవుతుంది, చిన్న కుక్క గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. నేర్పే తీరు ఇదీ: పిడికిట్లో ముక్క పెట్టుకుని నేలకి ఆనించండి. జిమ్మీ నాకుతాడు, గీరతాడు, మొరుగుతాడు. ఏమీ అనకండి, చెయ్యి కదపకండి. కాసేపటికి విసుగొచ్చి ముక్కు వెనక్కి తీసుకుంటాడు. అప్పుడే 'గుడ్' అని, రెండో చేత్తో వేరే ముక్క పెట్టండి. పిడికిట్లోది ఇవ్వకూడదు. వదిలేస్తే అంతకన్నా మంచిది దొరుకుతుందని తెలియాలి. వచ్చాక పిడికిలి తెరిచి అరచేతిలో, తర్వాత నేల మీద. నోట్లో ఉన్నది లాక్కోవడం వద్దు. చెప్పు పట్టుకుపోతే చికెన్ ముక్క చూపించి మార్పిడి చేసుకోండి. లాక్కునే ఇళ్లలో కుక్కలు దొరికినదాన్ని గబుక్కున మింగేస్తాయి.

'పడుకో' చిన్న కుక్కలకి కాస్త కష్టం, అవి ఇప్పటికే నేలకి దగ్గరగా ఉంటాయి. మీరు నేల మీద కూర్చుని ఒక మోకాలు కొద్దిగా మడవండి, ఆ వంపు కిందనుంచి ముక్క చూపిస్తూ లాగండి. దూరడానికి పొట్ట నేలకి ఆనించాల్సిందే. 'ఆగు' మాత్రం తొందరపడకండి. మొదట మూడు క్షణాలు, మీరు కదలకుండా. తర్వాత సేపు పెంచండి, ఆ తర్వాత దూరం. రెండూ ఒకే రోజు పెంచితే రెండూ పోతాయి. దీన్ని గేటు దగ్గర వాడుకోండి: కూర్చుని ఆగితేనే గేటు తెరుచుకుంటుంది, లేచాడా మూసెయ్యండి.

కొరకడం గురించి. జిమ్మీకి ఇప్పుడు 28 పాలపళ్లున్నాయి. నాలుగో నెల నుంచి అవి ఊడి, ఆరేడు నెలలకి 42 పళ్లు పూర్తవుతాయి. అందాకా చిగుళ్లు దురద. ఇక కుచ్చిళ్లంటారా, నేలకి జానెడు ఎత్తులో ఊగుతూ వెళ్లే గుడ్డ, పట్టుకుంటే 'అయ్యో, వదులు, పో' అని అరుస్తూ గంతులేసే మనిషి. అంతకన్నా మంచి ఆట బొమ్మ బజార్లో దొరకదు. అత్తగారిని అరవకుండా, లాక్కోకుండా ఉన్నచోటే నిలబడిపోమనండి. గుడ్డ కదలకపోతే మజా పోతుంది. అప్పుడు మీరు ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్టో, తడిపి ముడేసి చల్లబరిచిన గుడ్డో నోటికందించండి. చేతులు కొరికితే ఆట అక్కడితో బంద్, లేచి అర నిమిషం పక్కకి వెళ్లిపోండి. పన్ను దిగి రక్తం వస్తే మాత్రం మన కుక్కే కదా అని పసుపు రాసి ఊరుకోవద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించండి.

మీవారి పేపరు విషయం. కొట్టడం వల్ల ఆ క్షణానికి ఆగుతాడు, నిజమే. కానీ రెండు కిలోల ప్రాణికి చుట్టిన పేపరంటే దుడ్డుకర్రే. ఏం చేస్తే పడిందో దానికి అర్థం కాదు, ఎవరి చేతిలోంచి పడిందో గుర్తుంటుంది. చెయ్యి చూసి ముడుచుకునే కుక్క ఒకరోజు అదే చేతిని కరుస్తుంది, ఆ రోజు ఆ చెయ్యి బాబుది కావచ్చు. అత్తగారి 'వదిలెయ్యండి' కూడా నేను ఒప్పుకోను గానీ, ఇద్దరిలో ఒకరి మాట వినాల్సి వస్తే అత్తగారి మాటే వినండి.

బయట నడక మొదలుపెట్టే ముందు టీకాల కార్డు తీసి చూడండి. పార్వో, డిస్టెంపర్ (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు వచ్చేదాకా వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. అవి పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించొద్దు. ఎత్తుకోవడం పనికొచ్చేది ఇక్కడే. సాయంత్రం గేటు దగ్గర చేతుల్లో పెట్టుకుని నిలబడండి. ఆటో హారన్లు, కూరగాయల బండి కేకలు, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు, స్కూలు పిల్లలు. ఒక్కోదానికీ ఒక్కో ముక్క. ఈ వయసులో చూసినవాటికి పెద్దయ్యాక భయపడరు.

నడకకి మెడపట్టీకి తాడు కట్టకండి, ఛాతీకి తొడిగే హార్నెస్ కొనండి. పామరేనియన్ల శ్వాసనాళం బలహీనం, మెడ దగ్గర లాగుడు పడితే బాతు అరిచినట్టు దగ్గుతాయి. వేసవిలో పాఠాలూ నడకా తెల్లవారుజామునే కానివ్వండి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టలేకపోతే జిమ్మీ పాదాలూ తట్టుకోలేవు. ఎండలని బొచ్చు మొత్తం గొరిగించెయ్యకండి, దాన్ని దువ్వి పెడితే చాలు.

ఇవన్నీ సరిగ్గా చేస్తున్నా కూర్చోవడానికి వెనకాడుతున్నా, నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి రెండడుగులు కుంటి మళ్లీ మామూలుగా నడుస్తున్నా మోకాలిచిప్ప జారుతోందేమో డాక్టరుకి చూపించండి. చిన్న జాతుల్లో ఇది మామూలే. గుంటూరులో మీకు అలవాటైన డాక్టరు ఎక్స్‌రే తీయించమంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ఆసుపత్రి కూడా అక్కడే.

ట్రైనర్ అవసరమా అంటే, ఈ అయిదు మాటలకి అక్కర్లేదు. అయినా పెట్టుకోవాలనుకుంటే కుక్కని తీసుకెళ్లి నెల తర్వాత తయారుచేసి ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, అక్కడ జిమ్మీ నేర్చుకునేది ఆ ట్రైనర్ మాట వినడం, మీ మాట కాదు. మీ హాల్లో కూర్చుని మీకూ బాబుకీ అత్తగారికీ నేర్పేవాణ్ణి పిలవండి. మొదటి రోజు ఆయన సంచిలోంచి ఏం తీస్తాడో చూడండి. మెడ బిగించే గొలుసు తీస్తే కాఫీ ఇచ్చి పంపించెయ్యండి. ముక్కల డబ్బా తీసి నేల మీద కూర్చుంటే, అప్పుడు ఫీజు మాట్లాడుకోవచ్చు.